జీడితోటలో గేదెంత సాలీడు

పలాసలో ఆటో దిగి రోడ్డు దాటబోతూ తల ఎత్తాను. కరెంటు స్తంభమంత ఎత్తు నుంచి నా సాలీడు నన్ను చూస్తోంది.

నా సాలీడు అంటే నేను ఫొటో తీసిన సాలీడు. మా జీడితోటలో పూత మీద కూర్చుని ఉండగా బాగా దగ్గరికి వెళ్ళి తీసింది. అసలు ప్రాణి బియ్యపు గింజంత ఉంటుంది. ఫ్లెక్సీ మీద గేదెంత ఉంది. ముందున్న రెండు పెద్ద కళ్ళు బిందెల్లా నల్లగా మెరుస్తున్నాయి. దానికి ఎడమ పక్కన పురుగుమందుల డీలరు చేతులు జోడించి నవ్వుతున్నాడు. కుడి పక్కన వేరే ఫ్లెక్సీలో ఎవరో నాయకుడి పుట్టినరోజు. ఆ మూడు మొహాల్లో కాస్త నిజాయితీగా కనిపించింది సాలీడుదే. కింద ఎర్రటి అక్షరాల్లో, "జీడి రైతు సోదరులారా, ఈ మహమ్మారి మీ తోటకు చేరిందా? ఆలస్యం చేయకండి, నేడే పిచికారీ చేయండి" అని రాసి ఉంది.

రోడ్డు దాటకుండా అక్కడే నిలబడిపోయాను. అడగకుండా నా ఫొటో వాడుకున్నారన్న కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఆ ఉదయమే మా మావయ్య పళ్ళు తోముకుంటూ కొడుకుతో, అంటే మా ఆయనతో, అన్న మాట గుర్తొచ్చింది. "పలాస కాడ ఏదో పురుగు బొమ్మ కట్టేరట్రా. నానూ ఓసారెల్లి సూసొత్తాను."

మా ఇల్లు జీడితోట మధ్యలో ఉంది. చెట్లు పూత మీద ఉన్నాయి. మా బాబుకి మందు వాసన పడదు.

కెమెరా పట్టుకుని ఇప్పుడిప్పుడే స్టూడియోల్లో చేరుతున్న తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నిజానికి ఇలాంటివి రిటైరైన వాళ్ళు రాయాలి. నాది ఇంకా ఆ వయసు కాదు. ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టి, వాళ్ళ ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని మధ్యమధ్యలో లేచి చూస్తూ రాసుకునే వయసు. కానీ ఒక స్టూడియో నన్ను ముందుగానే రిటైర్ చేసింది కనుక ఆ హక్కు నాకు కొంత ఉందనుకుంటాను.

టెక్కలిలో డిగ్రీ చదివాను. జువాలజీ. ఆ చదువు నాకు పలాసలో పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే ఉద్యోగం ఇచ్చింది. రెండింటికీ సంబంధం ఏమిటని అడగకండి. రెండింట్లోనూ జతకట్టే కాలమే ముఖ్యం. కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళికూతుళ్ళ రంగు పెంచడం, మేనమామల పొట్టలు తగ్గించడం, మా ఉద్దానం దాటి ఎరగని జంటను మంచు కొండల మీద నిలబెట్టడం నా పని. పక్క గదిలో ఫ్లెక్సీలు కొట్టే మిషను ఉండేది. పుట్టినరోజులకీ చావులకీ తేడా లేకుండా అది పనిచేసేది.

మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఉండవు. స్టూడియోలో అందరం ఈగలు తోలుకోవాలి. మా ఓనరు దగ్గర ఒక మంచి లెన్స్ ఉంది. ఉంగరాలు, మట్టెలు, నల్లపూసలు బాగా దగ్గరగా తీయడానికి కొన్నది. మేమంతా మాస్టారు అని పిలిచే ఆ ఓనరు, మూఢంలో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. సముద్రపు గాలికి బీరువాలో లెన్సుకి బూజు పడుతుందని భయపెట్టి, నేను దాన్ని ఇంటికి తెచ్చుకునేదాన్ని. భయపెట్టడం అప్పట్లో నాకు సరదాగానే ఉండేది.

అలా మొదలైంది సాలీళ్ళ పిచ్చి. వీటిని గెంతే సాలీళ్ళంటారు. గూడు కట్టి అందులో ఎవరైనా పడతారా అని కూర్చునే రకం కాదు. పిల్లిలా పొంచి, దూకి పట్టుకుంటాయి. జీడి పూత రసం పీల్చే టీ దోమ లాంటి వాటిని తినేవి ఇవే. ఫొటో తీసేవాళ్ళకు ఇంకో సుఖం ఉంది. లెన్స్ దగ్గరికి తీసుకెళితే ఇవి పారిపోవు. మొహం తిప్పి సూటిగా మనవైపు చూస్తాయి. నేను ఎడిట్ చేసిన ఏ పెళ్ళికూతురూ అంత ధైర్యంగా కెమెరాను చూడలేదు.

అంత దగ్గరగా తీసేటప్పుడు కళ్ళు స్పష్టంగా వస్తే కాళ్ళు మసకగా పోతాయి. మనం ఊపిరి పీల్చినా బొమ్మ చెదిరిపోతుంది. ఫ్లాష్ వెలుగు మొహం మీద కొట్టకుండా పిల్లల టిఫిన్ డబ్బా తెల్ల మూత అడ్డం పెట్టేదాన్ని. అన్నీ కుదిరి బటన్ నొక్కే క్షణంలో అది గెంతేది. అందుకే ఒక మంచి ఫొటో వెనక ఏమీ లేని ఫొటోలు బోలెడు ఉండేవి. ఉత్త పువ్వు, ఉత్త ఆకు, ఉత్త గోడ. వాటిని పారేయబుద్ధి కాక స్టూడియో కంప్యూటర్లో మంచి ఫొటోల పక్కనే "గెంతేశాక" అని పేరు పెట్టి దాచాను. ఒక మధ్యాహ్నం మావయ్య అరుగు మీద నిద్రపోతుంటే ఒక సాలీడు ఆయన చెవి మీదికెక్కింది. ఎంత ఆశతో తీశానో. అదీ గెంతేసింది. ఉత్త చెవి మిగిలింది. అది కూడా అక్కడే పడి ఉంది.

ఫ్లెక్సీ చూసిన ఉదయం స్టూడియోలోకి వెళ్ళగానే మాస్టారే నవ్వుతూ ఎదురొచ్చారు.

"సూసేవా అమ్మా? నీ బొమ్మ ఎంత బాగా ఒచ్చిందో. రోడ్డు మీద బళ్ళాపి మరీ సూత్తన్నారు."

"మాస్టారూ, అది పంటను తినే పురుగు కాదు. పురుగుల్ని తినేది."

"తెలుసమ్మా. నువ్వప్పుడే సెప్పేవు కదా."

"మరి?"

"ఆయనకి బయం పుట్టే బొమ్మ కావాలట. అసలు పురుగు బొమ్మ సూపిత్తే దోమలాగుందన్నాడు. దోమని సూసి ఎవడు బయపడతాడు సెప్పు? నీదయితే కళ్ళెట్టి సూత్తంది."

"రైతులు నమ్మి తోటంతా మందు కొట్టేస్తే?"

"కొడితే ఆల్ల తోట. మనది ఫ్లెక్సీ." ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నీ పేరు కూడా ఎయ్యమన్నాను. ఆయనే ఒద్దన్నాడు," అన్నారు. అన్యాయం అక్కడ జరిగిందని ఆయన అభిప్రాయం.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి మావయ్య ఫ్లెక్సీ చూసి వచ్చేశారు. దాని కింద నిలబడి ఫోన్‌లో ఫొటో కూడా తీయించుకున్నారు.

"అబ్బ, ఏటి కళ్ళు అయ్యి. మనిసిని తినేసీలాగుంది."

"అది మన తోటలోదే మావయ్యా. నేనే తీశాను. బియ్యపు గింజంత ఉంటాది."

నేను చేసిన సాయం ఏమిటంటే ఆయన భయం రెట్టింపైంది. "మన తోటలోదా? అయితే ఒచ్చీసిందన్నమాట."

మర్నాడు పొద్దున్న తోటలోకి వెళ్ళి ఒక సాలీడును గాజు గ్లాసులో పట్టి తెచ్చి ఆయన ముందు పెట్టాను. అది గ్లాసు అడుగున కూర్చుని ముందు కాళ్ళు దులుపుకుంటోంది. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది పిల్ల," అన్నారు చివరికి. "తల్లి ఎక్కడో ఉంటాది."

ఆ మాట మా పాప విన్నది. ఆ రోజు నుంచి తోటలోకి వెళ్ళనని మొండికేసింది. ఉయ్యాల ఖాళీగా వేలాడుతూ ఉండేది. "అమ్మా, దాని అమ్మ మన ఇంట్లో పట్టేంత ఉంటుందా?" అని అడిగేది. నేను ముద్దు చేసిన ప్రాణి నా కూతురి కలల్లోకి వెళ్ళి కూర్చుంది.

రెండో దెబ్బ డీలరు రూపంలో బండి మీద వచ్చింది. మావయ్య లాంటి పెద్ద రైతు తోటలో మందు డెమో చేస్తామన్నాడు. చుట్టుపక్కల రైతుల్ని పిలుస్తామన్నాడు. చివర్లో అసలు మాట వదిలాడు. వచ్చే ఫ్లెక్సీలో సాలీడు పక్కన మావయ్య ఫొటో, కింద "ఆదర్శ రైతు" అని. పంచాయతీ ఎన్నికల్లో ఒకసారి నిలబడి ఓడిపోయినప్పటి నుంచి మావయ్యకు ఫ్లెక్సీ ఎక్కాలనే కోరిక అలాగే ఉండిపోయింది. ఆయన ఒప్పుకున్నారు అనడం కంటే, కుర్చీలు ఎన్ని కావాలో అడిగారు అనడం సరిగ్గా ఉంటుంది.

నిరుడు పక్క తోటలో మందు కొట్టినప్పుడు బాబుకి ఆయాసం వచ్చి టెక్కలి ఆసుపత్రికి పరిగెత్తాం. వాడి చిన్న పక్కటెముకలు లోపలికి పోయి బయటికి రావడం నేను చూశాను. ఇక నీళ్ళ సంగతి. ఉద్దానంలో మేము నీళ్ళ గ్లాసును ఊరికే చూడం, అనుమానంగా చూస్తాం. ఎందుకొస్తోందో తేలని కిడ్నీ జబ్బు ఊళ్ళలో తిరుగుతున్నప్పుడు, విషమని తేలిన దాన్నైనా బావికి దూరంగా ఉంచాలనుకోవడం పిచ్చేమీ కాదు. మా ఇంట్లో మాత్రం దానికి "అమ్మాయి సదువుకుంది" అని పేరు.

మా ఆయనకు చెప్పాను. ఆయన టెక్కలిలో ఒక ఆఫీసులో పనిచేస్తారు. ఏ కాగితాన్నీ తొందరపడి కదిలించని మనిషి.

"నాన్నకి నానేటి సెప్పగల్ను? ఫ్లెక్సీ అంటన్నాడు."

"బాబు?"

"ఆ రోజుకి నిమ్మాడ మీ అమ్మోలింటికి పంపిద్దాం."

"మర్నాడు?"

ఆయన పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

"బావి?"

"మూతేద్దాం," అన్నారు. అంతటితో తన వంతు పోరాటం పూర్తయినట్టు అన్నం కలుపుకున్నారు.

డెమోకి ముందు రోజు స్టూడియోలో పనేమీ తోచక "గెంతేశాక" ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతూ కూర్చున్నాను. మాస్టారు వెనక నుంచి వంగి చూశారు.

"ఆగాగు. ఇదేటమ్మా? ఇదింకా బయంగా ఉంది. ముందే సూపించుంటే దీన్నే ఫ్లెక్సీ ఏసీవోడిని కదా."

తెర మీద ఉన్నది మావయ్య చెవి. ముడతలు పడిన గోధుమరంగు గుట్టలు, మధ్యలో చీకటి గుంట, దాని అంచున తెల్లటి, నల్లటి వెంట్రుకల గుత్తి. రోజూ మనుషుల మొహాల మీద బతికే మాస్టారే దాన్ని చెవి అని పోల్చుకోలేకపోయారు. ఆయన టీకి వెళ్ళగానే దాన్ని ఆల్బమ్ సైజులో ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఏం చేయబోతున్నానో పూర్తిగా నాకూ తెలియదు.

డెమో రోజు మా ఇంటి ముందు పెళ్ళి షామియానా వేశారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ట్రాలీ ఆటోలో పవర్ స్ప్రేయరు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టారు. విషం చల్లే మిషనుకు దిష్టి తగలకూడదు కదా. బాబును నేను నిమ్మాడ పంపలేదు. పంపితే ఒప్పుకున్నట్టవుతుందని. తలుపులు మూసి లోపలే కూర్చోబెట్టాను. పాప కిటికీ దగ్గర నిలబడింది. గాలి సముద్రం వైపు నుంచి తోట మీదుగా నేరుగా ఇంట్లోకి కొడుతోంది.

మావయ్య ఇస్త్రీ చొక్కాలో, మీసానికి రంగుతో డీలరు పక్కన కూర్చున్నారు. చెవుల మీది వెంట్రుకలకు మాత్రం రంగు వేయలేదు. మొహాన్ని ముందు నుంచే చూసుకుంటాం కనుక అటువైపు ఎవరికీ ధ్యాస పోదు.

డీలరు సాలీడు చేసే అకృత్యాలు వివరించాడు. పూత రసం పీల్చేస్తుందన్నాడు. గింజ లోపలికి దూరుతుందన్నాడు. ముందు వరుసలో ఒకాయన, "కరుత్తాదేటి?" అని అడిగితే, "కరిస్తే అంతే సంగతులు," అన్నాడు. ఇక సీసా మూత తీయబోతుండగా నేను వాకిట్లో ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి ప్రింటు డీలరు చేతిలో పెట్టాను. అంతమంది మగవాళ్ళ మధ్యకు నేను అలా వెళ్ళడం అదే మొదలు. మావయ్య మొహం చిట్లించారు.

"ఇది కూడా మా తోటలోనే కనబడిందండీ. దీనికీ ఇదే మందు పనిచేస్తాదా?"

డీలరు ప్రింటును దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. తెలియదు అనే మాట ఆయన వ్యాపారంలో లేదు.

"ఇది తెలుసమ్మా. గొంగళి జాతి. ఆ నూగు చూశారా? ఈమధ్యే ఒరిస్సా వైపు నుంచి దిగింది. పగలు కదలదు. రాత్రి లేచి చిగుళ్ళన్నీ తినేస్తది. దీనికి మామూలు డోసు చాలదు. డబుల్ వెయ్యాలి. వారం పోయాక మళ్ళీ ఒకసారి."

ప్రింటును మావయ్యకు అందించాడు. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, సభ మొత్తం తనను చూస్తోందని గమనించి, గంభీరంగా తల ఊపారు.

"దీన్ని నాను సూసేను. తెల్లారగట్ల, మాను మీద."

ఇది నేను అనుకోలేదు. ముందు వరుసలో ఇంకొకాయన ప్రింటు తీసుకుని, "మా తోటలోనూ ఉందిరా బావూ," అన్నాడు. ఆయన పక్కాయన, తన తోటలో ఉన్నది ఇంతకంటే పెద్దదన్నాడు. డీలరు సహాయకుడు సీసాలు రెండేసి చొప్పున బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాడు.

మా అత్త అప్పుడే టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. ప్రింటు పట్టుకున్నాయన గ్లాసు అందుకుంటూ, "సూడొదినా, మీ తోటలో ఏటి పురుగులున్నాయో," అని చూపించాడు. అత్త పళ్ళెం బల్ల మీద పెట్టి, వంగి చూసింది.

"పురుగేటి నీ మొకం. అది మా ఇంటాయన సెవి," అంది. "కింద ఆ మచ్చ సూడు. పెళ్ళయిన కాడ్నుంచి సూత్తన్నాను. ఒక్క మాటా లోపలికెల్లదు."

షామియానా కింద అందరి తలలూ ప్రింటు మీంచి మావయ్య వైపు తిరిగాయి. ఆయన చెయ్యి దానంతట అదే మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది. వెనక వరుసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ దగ్గు ముందు వరుస దాకా పాకి, నవ్వయిపోయింది.

డీలరు మొహం ఎర్రబడింది. "అంత దగ్గర్నుంచి తీసి పెద్దది చేస్తే ఎవరికైనా అలాగే కనబడతది కదమ్మా."

"అవునండీ," అన్నాను. "సాలీడుని కూడా అలాగే తీశాను."

ఆ వాక్యం ఒక్కటే నేను ఆ రోజు సరిగ్గా చెప్పింది. కానీ పని చేసింది అది కాదు. మావయ్య లేచి నిలబడ్డారు. నా వైపు చూడలేదు.

"ఏటి? నా సెవికి డబుల్ డోసేత్తావా?"

"అది కాదు అన్నయ్యా, ఫొటో..."

"సెవికే డబుల్ డోసయితే, తోటకెంతేత్తావు? బండి తియ్యి."

తాను కూడా ఆ పురుగును మాను మీద చూశానని చెప్పిన సంగతి ఆయన అప్పటికే మర్చిపోయారు. నేను గుర్తు చేయలేదు. ట్రాలీ ఆటో నిమ్మకాయతో సహా వెనక్కి తిరిగింది. కిటికీలోంచి పాప ఏదో అడుగుతోంది. నాకు వినపడటం లేదు. నేను గాలిని వాసన చూస్తున్నాను. జీడి పూత వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఇది చదివి నిజం గెలిచిందని సంబరపడకండి. నవ్విన వాళ్ళలో కొందరు రోడ్డెక్కాక డీలరును ఆపి సీసాలు కొనుక్కున్నారు. తగ్గించి ఇచ్చాడట. పలాసలో ఫ్లెక్సీ గాలికి చిరిగేదాకా ఉంది. చాలా రోజుల తర్వాత భావనపాడులో చేపలు ఎండబెట్టే చోట నా సాలీడు మళ్ళీ కనబడింది. ఎండుచేపల గుట్ట మీద పట్టాలా కప్పి ఉంది. దాన్ని కప్పినప్పటి నుంచి కాకులు దగ్గరికి రావడం లేదని అక్కడి ఆవిడ చెప్పింది. ఆ ఫొటోకి నాకు దొరికిన ఒకే ఒక్క మెప్పు అది.

డెమో జరిగిన సాయంత్రమే మాస్టారు ఫోన్ చేశారు. "నువ్వు మంచి పనిమంతురాలివే అమ్మా. కానీ ఆయన మనకి పెద్ద పార్టీ. మందు బొమ్మలొక్కటే కాదు, దసరా, దీపావళీ అన్నీ మన దగ్గరే ఏయిత్తాడు. కొన్నాల్లు రాకు. లెన్స్ మట్టుకు పంపించు." ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. పెళ్ళికూతుళ్ళు ఇప్పుడు ఎవరి చేతిలో తెల్లబడుతున్నారో తెలియదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు తీసిన బొమ్మను ఎవరో ఒకరు పెద్దది చేస్తారు. అందుకే పక్కన ఒక బియ్యపు గింజ పెట్టి తీయండి. దాన్ని వాళ్ళు కత్తిరించేస్తారు. అయినా పెట్టండి.

డెమో జరిగిన రాత్రి మావయ్య తొందరగా తిని పడుకున్నారు. పొద్దున్న నేను లేచేసరికి అరుగు మీద చిన్న అద్దం, అత్త కుట్టుపని కత్తెర పెట్టుకుని, మెడ తిప్పి తిప్పి చెవి వెంట్రుకలు కత్తిరించుకుంటున్నారు. అత్త పక్కన కూర్చుని ఎక్కడెక్కడ మిగిలిపోయాయో చూపిస్తోంది. గుమ్మంలో పాపా బాబూ నిలబడి చూస్తున్నారు. బాబు ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది.

"అమ్మా, తాత చెవిలోకి పురుగు వెళ్ళిందా?" అని పాప అడిగింది.

ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాను.

"తాత చెవిలో పురుగేమీ లేదు. నిన్న అమ్మ మాట ఒకటి అందులోకి వెళ్ళింది. పూత కాయ కట్టేదాకా అది అక్కడే ఉండాలి. అందుకని తాతను చూసి నవ్వకండి. నవ్వొస్తే తోటలోకి పరిగెత్తి, ఉయ్యాలెక్కి నవ్వుకోండి. సాలీళ్ళు ఏమీ అనుకోవు."